దూది పెట్టిన చెయ్యి

పుత్తూరు బస్టాండులో పొద్దున మొదటి బస్సు నుంచే విరిగిన చేతులూ కాళ్లూ దిగుతాయి. మద్రాసు నుంచి, నెల్లూరు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో ఎముకల కట్టు కోసం వస్తారు. వెదురు దబ్బలు పెట్టి గుడ్డపట్టీలతో బిగించిన కట్లతో సాయంత్రానికి తిరుగు బస్సులెక్కుతారు. ఆ బస్టాండు పక్క వీధిలో 2001లో నేను పళ్ల ఆసుపత్రి పెట్టాను. మొదటి మూడు వారాల్లో నా గది గడప తొక్కినవాళ్లు ఐదుగురు. వాళ్లలో ముగ్గురు కట్టు కట్టే చోటికి దారి అడగడానికి వచ్చారు.

నా పేరు రేవతి. మా ఇంట్లో పదో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే. హైదరాబాదులో బి.డి.ఎస్. చదివి, తిరుపతిలో రఘునాథ్ డాక్టరుగారి దగ్గర రెండేళ్లు పని నేర్చుకుని, సొంత మనుషులకు పనికొద్దామని మా వైపుకే వచ్చాను. మా ఊరు పుత్తూరికి ఆరు మైళ్లు. మా నాయన దేవరాజులు అక్కడ మూడెకరాల్లో చెరకూ వేరుశనగా వేస్తాడు. నా పేరున్న బోర్డును పెయింటరు దగ్గర్నుంచి ఆయనే తెచ్చాడు. ఆటోలో తెచ్చి ఉంటే ఐదు నిమిషాల పని. ఆయన బోర్డును ముందు బస్సెక్కించి మా ఊరికి తీసుకుపోయాడు. అక్షరాలు అందరికీ కనబడేట్టు బయటికి తిప్పి ఒళ్లో పెట్టుకున్నాడట. ఊరు ఊరంతా చూశాక మర్నాడు పుత్తూరికి తెచ్చి తగిలించాడు. తగిలించాక రెండడుగులు వెనక్కి వేసి, భుజం మీద తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు. సంతోషం పట్టలేనప్పుడు మా నాయన చేసే పని అదొక్కటే. నోటితో ఏమీ అనడు.

నాతో అనడు గానీ ఊళ్లో మాత్రం ఆయన నోరు ఊరుకోలేదు. ఎవరు ఎదురైనా "ఏం మామా, పళ్లెట్లా ఉండాయి?" అని అడగడం మొదలుపెట్టాడు.

"దేవరాజులన్న ఎదురొస్తే నవ్వాలంటే భయంగా ఉండాదప్పా" అనేవాడు టీ అంగడి ఏకాంబరం. "మనం నవ్వితే సాలు, లోపల పుచ్చినవి లెక్కబెడతాండాడు."

పళ్లు బాగాలేనివాళ్లు చాలామందే ఉన్నారు. వచ్చేవాళ్లే లేరు. పన్ను నొప్పికి లవంగం పెట్టుకుంటారు, పొగాకు అదుముతారు, జిల్లేడు పాలు పోస్తారు. అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఒక మాట. పైపన్ను పీకిస్తే కన్ను పోతుందన్నది మా వైపు పుట్టుకతోనే నేర్చుకునే మాట.

అలాంటి ఊళ్లో కుప్పమ్మవ్వకు పైపన్నే పుచ్చింది. ఎడమ వైపు దవడపన్ను. మా ఊరి ఆడవాళ్లలో అందరికంటే పెద్ద ఆమె. ఏ ఇంట్లో కాన్పైనా, కాపురంలో తగాదా అయినా మొదట ఆమెకు కబురు పోతుంది. ఏడాదిగా సంగటి ఒక పక్కనే నమిలి మింగుతోంది. మా నాయనకు ఆమె అత్త వరస.

"అత్తా, పాప కాడికి పోదాం పా" అన్నాడట మా నాయన, టీ అంగడి ముందర పదిమంది వింటుండగా. "చీమ కుట్టినట్టు గూడా ఉండదు. నీ కంటికేమన్నా అయితే నా కన్ను పీకించి ఇస్తా."

"అది గూడా నీ కూతురే పీకాల" అన్నాడు ఏకాంబరం. "నీ కాడ ఫీజు తీసుకోదులే."

అందరూ నవ్వారు. కుప్పమ్మవ్వ నవ్వలేదు. "సోమారం వస్తాం" అంది.

ఆ మాట మా నాయన నాకు చెప్పినప్పుడు ముందు భయమే వేసింది. ఆమె పని మంచిగా జరిగితే చుట్టుపక్కల ఐదూళ్లు వస్తాయి. జరక్కపోతే ఆ ఐదూళ్లలోనూ మా నాయన తలెత్తుకోలేడు. బోర్డు ఎంత చక్కగా రాయించినా లాభముండదు.

అన్నట్టే సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు అవ్వ తన కొడుకు ధనంజయ మామతో వచ్చింది. బీపీ చూశాను, బాగుంది. షుగరు లేదు. అన్నం తినే వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి జరగబోయేదంతా చెప్పాను.

"నొప్పే ఉండదని చెప్పనవ్వా. చిగురులో మత్తుసూది వేసేటప్పుడు గండుచీమ కుట్టినట్టుంటాది. ఆనక చెంప బండబారతాది. పన్ను కదిలించేటప్పుడు నొక్కేది తెలుస్తాది, లోపల కరకర సప్పుడు తెలుస్తాది. నొప్పి తెలీకూడదు. తెలిస్తే చెయ్యెత్తు, ఆపేస్తా."

"మీ నాయన ఏమీ ఉండదన్నాడే?"

"మా నాయన యాడ పీకించుకున్నాడవ్వా?"

ఆమె మొదటిసారి నవ్వింది. "నిజం సెప్పినావు. సరే, కానీయ్. మరి కంటి సంగతి?"

"కంటి నరం వేరే, పన్ను నరం వేరే. పన్ను పుచ్చి చీము పట్టి ముఖం వాస్తే కన్ను మూసుకుపోతాది. అది చూసి జనం పీకినందుకే పోయిందనుకున్నారు. పీకకపోతేనే భయం."

సూది వేశాను. మత్తు ఎక్కేదాకా ఐదు నిమిషాలు ఆగాలి. ఆ ఐదు నిమిషాల్లో అవ్వ తన ఎడమ మణికట్టు నాకు చూపించింది. ఇరవై ఏళ్ల కిందట బావి గట్టు మీద జారి విరిగిందట. పుత్తూరు కట్టు కట్టించుకుంది. లోపల దురద పెట్టినా, చీమలు దూరినా, కట్టినవాళ్లు రమ్మన్న రోజుదాకా విప్పలేదు. అదే ఏడు ఆమె తమ్ముడు శాంతయ్య చింతచెట్టు మీద నుంచి పడ్డాడు. ఆయనకూ కట్టు కట్టారు. దురదకు తాళలేక ఎనిమిదో రోజే ఇంట్లో కొడవలితో కోసి పారేశాడు.

"ఈ పొద్దుకీ వాని మోచెయ్యి సాగదు" అంది అవ్వ, మొద్దుబారిన పెదవితో. "ముద్ద నోటికాడికి రాదు, నోరే ముద్దకాడికి పోవాల. నా చెయ్యి సూడు, గీత గీసినట్టుండాది."

నిజంగానే గీత గీసినట్టుంది.

పది నిమిషాల్లో పన్ను వచ్చేసింది. "పీకతావా ఇంగ?" అని ఆమె అడిగేసరికి పన్ను పళ్లెంలో ఉంది. మెత్తటి దూది గుడ్డలో చుట్టి, పన్ను ఊడిన గుంట మీద పెట్టి చెప్పాను: "గట్టిగా కరిచి పట్టుకో అవ్వా. నేను చెప్పిందాకా తీయొద్దు. ఉమ్మొద్దు. మాట్లాడొద్దు."

నొప్పి మాత్రలు అప్పటిదాకా బయటే ఉన్న ధనంజయ మామ చేతికిచ్చాను. అవ్వను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, పనిముట్లు ఉడకబెట్టడానికి లోపలికి వెళ్లాను. అరగంట తర్వాత దూది తీసి, తిండి సంగతీ పుక్కిలించే సంగతీ నిదానంగా చెబుదామనుకున్నాను. తిరుపతిలో అలాగే చేసేవాళ్లం.

బయటికి వచ్చేసరికి బెంచీ ఖాళీ. మా ఊరి బస్సు వీధి మలుపు తిరుగుతోంది. ధనంజయ మామ కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఇంటికి పోయాక తీసి పారేస్తారులే, దూదే కదా అనుకున్నాను. ఇప్పటికీ ఆ ఊపిన చెయ్యి గుర్తొస్తే నాకు సిగ్గుగా ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం మా నాయన వచ్చాడు. ఎప్పుడు వచ్చినా వీధి మొదట్నుంచి ప్రతి అంగడి వాళ్లనూ పలకరిస్తూ వస్తాడు. ఆ రోజు ఎవరినీ చూడకుండా నేరుగా గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"పాపా, కుప్పమ్మత్త నోరు పడిపోయిందంట."

నా చేతిలో ఉన్నదేదో కింద పెట్టాను.

"నిన్న రాత్రి నుంచి పలుకు లేదంట. ఎడమ చెయ్యి ఎత్తి ఎత్తి సూపిస్తాండాదంట, అది గూడా పడిపోయిందని. కన్ను సగం మూసుకుపోయిందంట."

"నువ్వు చూసినావా నాయనా?"

"సూల్లా. వాళ్లింటి గడప తొక్కేముందు నీ కాడికి వచ్చినా." ఆయన కాసేపు నా బల్ల మీదున్న పనిముట్ల వైపు చూశాడు. "ఒకటే అడుగుతా. నువ్వు సరిగ్గా చేసినావా?"

"సరిగ్గానే చేసినా నాయనా."

"అయితే పోదాం పా."

బస్సులో నా సంచీ ఆయన ఒళ్లోనే ఉంది. పక్షవాతమైతే ముందు తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి, కారు ఎవరిదగ్గర దొరుకుతుంది అని ఆలోచిస్తున్నాను. పన్ను పీకినందుకు పక్షవాతం రాదని నాకు తెలుసు. ఆ పెద్ద వయసులో అది ఎప్పుడైనా రావచ్చుననీ తెలుసు. నిన్ననే వచ్చిందంటే మాత్రం పన్ను వల్ల కాదని ఈ ఊళ్లో ఎవరికి చెప్పి ఒప్పించగలను?

కుప్పమ్మవ్వ ఇంటి ముందు ఊరు సగం ఉంది. మమ్మల్ని చూసి దారిచ్చారు. ఎవరూ పలకరించలేదు. అరుగు మీద మంచంలో అవ్వ నిటారుగా కూర్చుని ఉంది. గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా తెల్లగుడ్డ బిగించి కట్టుకుంది. ఆ బిగువుకు ఎడమ చెంప పైకి నొక్కుకుని కన్ను చిన్నదైంది. పక్కనే చేతికర్ర. ఒళ్లంతా తైలం వాసన.

"గుడ్డ ఎవరు కట్టినారు మామా?" అని ధనంజయ మామను అడిగాను.

"ఆమే కట్టుకున్నాది పాపా, బస్సు దిగి ఇంట్లోకి రాంగానే. విప్పబోతే కట్టెతో కొడతాండాది. మజ్జిగ గూడా చెంచాతో పెదవి పక్క నుంచి పోస్తాండాం. మాత్రలు మింగనే లేదు."

అవ్వ నన్ను చూసింది. కళ్లు వెలిగాయి. ఎడమ చెయ్యి పైకెత్తి మణికట్టు నాకు చూపించింది. కుడి చేత్తో దవడను తట్టింది. తర్వాత వేలు నా వైపు పెట్టింది.

"సూడండప్పా, మళ్లీ సెయ్యి సూపిస్తాండాది" అన్నాడు ఏకాంబరం. "పాపం, పట్టు లేదంటాండాది."

పట్టు లేని చెయ్యి అలా పైకి లేవదు. వేళ్లు చక్కగా కదులుతున్నాయి. మణికట్టు గీత గీసినట్టుంది. నేను జనంలోకి చూశాను. శాంతయ్య తాత అరుగు స్తంభాన్ని ఆనుకుని, వంగిన మోచెయ్యి కడుపుకు ఆనించుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడు అర్థమైంది. రోజూ నా గది ముందు నుంచి పోయే కట్లలో ఒకటి ఇప్పుడు అవ్వ దవడకు ఉంది.

చేతులు కడుక్కుని వచ్చి ముడి విప్పాను. ఆమె కర్ర ఎత్తలేదు. "అవ్వా, ఇంగ నోరు తెరువు" అన్నాను.

తెరిచింది. నిన్నటి దూది నల్లబడి, చెక్కలా గట్టిపడి ఉంది. నిదానంగా తడిపి తీశాను. లోపల గుంటలో రక్తం గడ్డ ఎక్కడిదక్కడే చక్కగా నిలిచి ఉంది. వాపు లేదు.

"మాట్లాడవ్వా."

ఆమె దవడను ఆ పక్కకూ ఈ పక్కకూ ఆడించి చూసుకుంది. కొడుకు వైపు తిరిగింది.

"నా కట్టె యాడుండాదిరా?"

ధనంజయ మామ ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఈ పాపను పిలవండ్రా, వచ్చి విప్పతాదని నిన్నట్నుంచి సైగ సేస్తాండా. ఒక్కనికన్నా బుద్ధుండాదా? వాతమని తైలం పూస్తారా నాకు? ఆ తైలం కంపుకే నాకు సగం ప్రాణం పోయింది."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఏకాంబరానికి కంటి సంగతి ఇంకా తీరలేదు. ముందుకొచ్చి నాలుగు వేళ్లు చూపించాడు. "అత్తా, ఎన్ని?"

"నాలుగు. గోళ్ల సందున మట్టి గూడా కనబడతాంది. ఆ సేత్తోనేనా నువ్వు టీ పోసేది?"

అరుగంతా నవ్వులు. నేను మాత్రం అడగకుండా ఉండలేకపోయాను. "దూది ఎందుకు తీయలేదవ్వా?"

"నువ్వే గదమ్మే, సెప్పిందాకా తీయొద్దంటివి. కట్టిన సెయ్యే విప్పాల. వాని మోచెయ్యి సూసినాక గూడా నేను తీస్తానా?"

"అక్కా, నన్నెందుకు లాగుతావు?" అన్నాడు శాంతయ్య తాత.

ధనంజయ మామ సర్దిచెప్పబోయాడు. "పెద్దామె, తెలీక చేసింది. పాప తప్పేం లేదు." అందరూ అవునవునన్నారు. మా నాయన కూడా ఊపిరి వదిలి తలూపాడు. అంతటితో ఊరుకుంటే అయిపోయేది. కానీ ఆ అవ్వ ఒక రాత్రీ ఒక పగలూ దవడ బిగించి కూర్చుంది నా మాట మీద. ఆమెకు తెలియదని అనిపించుకుని నేను బయటపడడం నాకు నచ్చలేదు.

"లేదు మామా, తప్పు నాది" అన్నాను. "ఆ దూది అరగంటే ఉంచాల. మించితే ముప్పావుగంట. ఆ మాట నేను చెప్పలేదు. అవ్వ నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. చెప్పాల్సింది చెప్పనిదాన్ని నేను. బస్సు పోతాంటే చూసి గూడా చెయ్యి ఊపి ఊరుకున్నా."

మా నాయన నా ముఖంలోకి చూశాడు. ఆయన ఏమనుకుంటున్నాడో తెలియక నేను అవ్వ వైపు తిరిగాను.

కుప్పమ్మవ్వ మంచం మీద కొంచెం జరిగి, పక్కన చోటు చూపించింది.

"సదువుకున్నోళ్లు పదిమందిలో తప్పు నాదనడం నేను ఇప్పుడే సూస్తాండా. కూచో. మిగిలింది గూడా ఈడనే సెప్పు. వీళ్లు గూడా ఇనుకుంటారు, లేకుంటే రేపు ఒకొకడు ఒకొక అవతారం ఎత్తతాడు."

మంచం పట్టె మీద కూర్చుని చెప్పాను. పన్ను తీశాక మూడు గంటల దాకా చెంప మొద్దుబారే ఉంటుంది, ఆలోగా ఏదీ నమలకూడదు, చెంపే నలుగుతుంది. ఆ రోజంతా వేడివేడిగా ఏమీ తాగకూడదు, చల్లటి గంజీ మజ్జిగా మేలు. పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, లోపలి గడ్డ ఊడిపోతే నొప్పి మొదలవుతుంది. మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్లు. పొగాకూ బీడీ వారం దాకా ముట్టకూడదు.

"వారమా!" అన్నాడు శాంతయ్య తాత. మోచెయ్యి విరిగిన రోజున కూడా ఇంత బాధపడి ఉండడు.

"పళ్లు క్లీన్ చేయిస్తే కదిలిపోతాయంటారే?" అని వెనక నుంచి రాఘవమ్మక్క అడిగింది.

"కదలవక్కా. పళ్ల మధ్య గార గట్టిగా పేరుకుని ఉంటాది. అది తీసేస్తే సందులు తెలుస్తాయి, నాలుగు రోజులు చల్లనీళ్లకు జివ్వుమంటాది. సర్దుకుంటాది. గార ఉంచుకుంటేనే చిగురు జారి పళ్లు కదిలేది."

"పీకకుండా నొప్పి పోయే దారి లేదా?" అని ఇంకెవరో అడిగారు.

"ఉండాది. పన్ను గట్టిగా ఉంటే లోపలి నరం తీసి, శుభ్రం చేసి, మందు నింపి మూస్తాం. రెండు మూడు తూర్లు రావాల. మొదటి తూరికే నొప్పి తగ్గిందని రావడం మానేస్తే మళ్లీ మొదటికొస్తాది."

"ఎనిమిదో రోజు కట్టు కోసేసినట్టు" అంది కుప్పమ్మవ్వ. అందరికీ ఒక్క మాటతో అర్థమైపోయింది. నాకు ఐదేళ్ల చదువులో ఎవరూ ఇంత బాగా చెప్పడం నేర్పలేదు.

చీకటి పడేదాకా అడుగుతూనే ఉన్నారు. బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాక చూశాను. మా నాయన తువ్వాలు తీసి దులిపి భుజం మీద వేసుకున్నాడు. ఒక్కసారి కాదు, రెండుసార్లు.

ఆ తర్వాతి సోమవారం నా బెంచీ సరిపోలేదు. తొమ్మిదిమంది వచ్చారు. కుప్పమ్మవ్వే బస్సులో ఎక్కించి తెచ్చింది, సత్యవేడులో ఉండే చెల్లెలితో సహా. గుంట మానుతున్న తీరు నాకు చూపించి, బెంచీ చివర కూర్చుంది. లోపలికి పోబోయే ప్రతివాళ్లకూ "గండుచీమ, అంతే" అని చెప్పి పంపింది.

ఆ రోజు నుంచి నా గదిలో ఒక పద్ధతి పెట్టాను. దూది నోట్లో ఉండగా ఎవరూ గడప దాటకూడదు. నేను పెట్టిన దూది నేనే తీస్తాను. తీసి, చూసి, చెప్పాల్సినవన్నీ చెప్పి, వాళ్లచేత తిరిగి చెప్పించుకుని అప్పుడు పంపిస్తాను. ఇది నేను కాలేజీలో నేర్చుకున్నది కాదు, పుత్తూరులో నేర్చుకున్నది.

వేళ చూసే బాధ్యత మా నాయన తీసుకున్నాడు. ఇంటి నుంచి అలారం గడియారం తెచ్చి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు చదవడం రాదు గానీ బోరు కరెంటు వచ్చే వేళలు గడియారం చూడడం బాగా నేర్పాయి.

చివరగా శాంతయ్య తాతకు కింది పన్ను తీశాను. దూది కరుచుకుని బెంచీ మీద కూర్చున్నాడు. పనిముట్లు కడుగుతూ నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. ఇరవై నిమిషాలు కాగానే ఆయన అటూ ఇటూ చూసి, రెండు వేళ్లు నిదానంగా నోటి దగ్గరికి తీసుకుపోయాడు. ఆ చెయ్యి సాగదు కాబట్టి తలే కిందికి వంచాడు.

కుప్పమ్మవ్వ ఆ మోచేతి మీదే ఒక్కటి వేసింది. "ఇది సాలదంటరా నీకు?"

ఆయన దూది గట్టిగా కరుచుకుని మా నాయన వైపు దీనంగా చూశాడు.

మా నాయన గడియారం వైపు చూశాడు. "ఇంకా పది నిమిషాలుండాది మామా, గమ్మునుండు" అన్నాడు. "మా డాక్టరమ్మ వచ్చి తీస్తాది."

ఆయన నన్ను ఆ మాటతో పిలవడం అదే మొదటిసారి. గడియారం మోకాలి మీద ఉంది కాబట్టి తువ్వాలు దులపడానికి ఆయనకు చెయ్యి ఖాళీ లేదు.